ఎక్కించేది ఇంజను, దించేది బ్రేకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పది నిమిషాలు మాట్లాడాలి, విషయం నీ ఇష్టం" అన్నారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌కు పోయిన మనిషిని. సాఫ్ట్‌వేర్ గురించి చెబితే మీకు నిద్ర వస్తుంది, నాకూ వస్తుంది. పోయిన నెల మన వాట్సాప్ గ్రూపులో కుర్ర బ్యాచ్ వాళ్ళు రెండు రోజులు ఒకటే వాదన పెట్టుకున్నారు. జపాన్ టర్బో సెడాన్లలో సుబారు డబ్ల్యు.ఆర్.ఎక్స్. ఎస్.టి.ఐ. గొప్పదా, మిత్సుబిషి ల్యాన్సర్ ఇవల్యూషన్ గొప్పదా అని. "అన్నా, నువ్వు రెండూ నడిపినావు కదా, తీర్పు చెప్పు" అని నన్ను లాగినారు. అప్పుడు నేను జవాబు ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి కారణం ఉంది. ఆ కారణం ఈ హాల్లోనే మూడో వరుసలో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నాడు. ఈరోజు వాడి అనుమతితోనే చెబుతున్నాను.

ముందు ఆ కార్ల సంగతి. తెలిసిన వాళ్ళు కాస్త ఓర్చుకోండి, తెలియని అయ్యవార్ల కోసం చెబుతాను.

సుబారు అంటే జపాను భాషలో మన కృత్తికా నక్షత్రం. ఆ కంపెనీ గుర్తు మీద ఆరు చుక్కలు ఉంటాయి. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆరుగురు తల్లులే వాళ్ళు. మిత్సుబిషి గుర్తు మూడు వజ్రాలు. ఆ మిత్సుబిషి ల్యాన్సర్ మనకు కొత్త కాదు. 1998 నుంచి హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు తిరువళ్ళూరు దగ్గర తయారు చేశారు. తిరుపతి నుంచి చెన్నై పోయే దారిలో పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటితే వచ్చే తిరువళ్ళూరే. అంటే మిత్సుబిషి ఫ్యాక్టరీకి పోవాలంటే మనం కృత్తికల బిడ్డ కొండ కింద నుంచే పోవాలి! సుబారు మాత్రం మన దేశంలో షోరూమ్ తెరవలేదు. ఇవల్యూషన్‌ను 2010లో జపాన్ నుంచి తయారైన బండిగానే దింపి అమ్మారు. దాని ధర విని మనం దండం పెట్టి ఇంటికి వచ్చేశాం.

ఈ రెండు కార్ల పోటీ 1992లో మొదలైంది. మొదటి ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్., మొదటి ల్యాన్సర్ ఇవల్యూషన్ రెండూ ఆ సంవత్సరమే పుట్టాయి. పుట్టడానికి కారణం మనలాంటి కొనుగోలుదారులు కాదు, ప్రపంచ ర్యాలీ పోటీల నిబంధన. పోటీలో పరుగెత్తించే కారును పోలిన కార్లను కనీసం 2,500 తయారు చేసి మామూలు జనానికి అమ్మాలి అన్నారు. అందుకని రెండు కంపెనీలూ నాలుగు తలుపుల ఇంటి కారులో రెండు లీటర్ల టర్బో ఇంజను పెట్టి, నాలుగు చక్రాలకూ శక్తి అందించి అమ్మాయి. పాల ప్యాకెట్లు తెచ్చుకునే కారు, బురదలో రాళ్ళలో గెలిచే కారు ఒక్కటే అన్నమాట.

తర్వాత కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. 1995లో కాలిన్ మెక్రే సుబారు మీద ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగేళ్ళు టామీ మాకినెన్ మిత్సుబిషి మీద గెలిచాడు. 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెటర్ సోల్బర్గ్ సుబారు మీద. అంత పేరు తెచ్చిన మాకినెనే పార్టీ మారి, 2002లో సుబారు ఎక్కి మాంటీ కార్లో ర్యాలీ గెలిచాడు. మన నాయకులకు అక్కడా బంధువులు ఉన్నారు!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కుర్రవాళ్ళు వాదించుకున్నది మామూలు కార్ల గురించి కాదు, వాటి పై మెట్టు మోడళ్ళ గురించి. సుబారులో మామూలు డబ్ల్యు.ఆర్.ఎక్స్. మీద ఎస్.టి.ఐ. ఉంది. ఇవల్యూషన్‌లో ఆర్.ఎస్. అని, జి.ఎస్.ఆర్. అని, ఎం.ఆర్. అని మెట్లు ఉన్నాయి. పై మెట్టుకు ఎక్కువ డబ్బు ఎందుకు ఇస్తాం? "ఎక్కువ హార్స్‌పవర్ కోసం" అని మన గ్రూపులో పదిమందిలో తొమ్మిదిమంది రాశారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ పొరపాటుకు నేను తక్కువే చెల్లించాను. ఎక్కువ చెల్లించింది ఇంకొకడు.

మా నాయన ఆర్టీసీలో తిరుమల ఘాట్ డ్రైవరు. మీలో చాలామంది ఆయన బస్సు ఎక్కే ఉంటారు. పైకి పోయేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, కిందికి దిగేది 1944 నాటి మొదటి రోడ్డు. ఆ దిగే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు. సెలవుల్లో నేను ఇంజను పక్కన కూర్చుని పోయేవాణ్ణి. పైకి పోయేటప్పుడు బస్సు రొప్పుతుంటే నాకు భయం వేసేది. కిందికి వచ్చేటప్పుడు హాయిగా ఉండేది. నాయనకు సరిగ్గా తిరగబడి ఉండేది. ఎక్కేటప్పుడు పాటలు పాడేవాడు. దిగేటప్పుడు ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఒకసారి అడిగితే ఇలా అన్నాడు: "అబ్బయా, ఎక్కించేది ఇంజను. దాని చేత కాకపోతే బండి నిలబడిపోతాది, అంతే. దించేది బ్రేకు, గేరు. వాటి చేత కాకపోతే బండి నిలబడదు."

ఇదే మాటను తొమ్మిదో తరగతిలో మన ఫిజికల్ సైన్స్ అయ్యవారు బోర్డు మీద ఇంకో రకంగా రాశారు. గతిశక్తి అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించాలి. 1,400 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో 2 లక్షల 80 వేల జౌళ్ళ శక్తి ఉంటుంది. అదే కారు 108తో పోతే 6 లక్షల 30 వేలు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగింది, శక్తి రెండుంపావు రెట్లు పెరిగింది. కారు ఆగాలంటే ఆ శక్తంతా బ్రేకుల దగ్గర వేడిగా మారాల్సిందే. 108 నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే పుట్టే వేడితో రెండు లీటర్ల చన్నీళ్ళు మరిగించవచ్చు. ఒక్కసారికే! ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ బ్రేకు వేస్తే లెక్క మీరే కట్టుకోండి.

ఆ లెక్క నాకు వచ్చు. పరీక్షలో పూర్తి మార్కులు కూడా వచ్చాయి. ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు ఇవే లెక్కలు చేశాను. అయినా మరిచిపోయాను.

1999లో అమెరికా పోయాను. అట్లాంటాలో ఉద్యోగం. మన బ్యాచ్ మిత్రుడు, ఇందాక చెప్పిన మూడో వరుస మిత్రుడు, ఏడాది తర్వాత అదే ఊరికి వచ్చాడు. 2002లో నేను డబ్ల్యు.ఆర్.ఎక్స్. కొన్నాను. మామూలు మోడలు. 227 హార్స్‌పవర్, ఐదు గేర్లు, ధర దాదాపు 24 వేల డాలర్లు. మరుసటి ఏడు ఇవల్యూషన్ ఎనిమిదో తరం అమెరికాకు మొదటిసారి వచ్చింది. వాడు దాన్ని కొన్నాడు. 271 హార్స్‌పవర్, దాదాపు 29 వేలు. బడిలో ఫస్ట్ ర్యాంకు కోసం కొట్టుకున్నవాళ్ళం. కార్ల దగ్గర ఊరుకుంటామా?

2004 మోడలుగా సుబారు ఎస్.టి.ఐ. అక్కడ దిగింది. 300 హార్స్‌పవర్, దాదాపు 31 వేల డాలర్లు. నా కారు మార్చుకుని అది కొనే స్తోమత లేదు. ఊళ్ళో చెల్లెలి పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. అందుకని తెలివైన పని చేశాననుకున్నాను. ఒక షెడ్డులో సైలెన్సర్ గొట్టం మార్పించి, ఇంజనును నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్పించాను. టర్బో ఇంకాస్త ఎక్కువ గాలిని కుక్కుతుంది, ఇంజను ఇంకాస్త ఎక్కువ పెట్రోలు కాలుస్తుంది. 1,500 డాలర్లతో మిత్రుడి కారుకు దీటైన బలం వచ్చేసింది. ఆ షెడ్డు మనిషి మంచివాడు. "బ్రేకులు కూడా మార్చుకో, కనీసం బ్రేక్ ఆయిల్ అన్నా మార్చుకో" అన్నాడు. వచ్చే నెల చూద్దాంలే అన్నాను.

2004 అక్టోబరులో ఒక శనివారం మిత్రుణ్ణి నా కారులో ఎక్కించుకుని టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దు కొండలకు పోయాను. అక్కడ 'డ్రాగన్ తోక' అని పేరుపడ్డ రోడ్డు ఉంది. 11 మైళ్ళలో 318 మలుపులు. దాదాపు మన ఘాట్ రోడ్డంత పొడవు. "నీ ఇవోకూ నా బండికీ ఇంక తేడా లేదు, చూపిస్తా పద" అన్నాను. మొదటి సగం అద్భుతంగా పోయింది. వాడు కూడా మెచ్చుకున్నాడు. తర్వాత దిగుడులో బ్రేకు పెడల్ మెత్తబడింది. కాలు పెడితే దూదిలో దిగినట్టు దిగిపోయింది. నిజానికి జరిగింది ఇది: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తదైతే 200 డిగ్రీలు దాటినా మరగదు, తేమ పట్టిన పాతది 140, 150 దగ్గరే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి. మనం తొక్కే బలమంతా ఆ బుడగలను నొక్కడానికే పోతుంది, చక్రం దగ్గరికి చేరదు. మలుపు వచ్చింది, కారు తిరగలేదు. కుడివైపు మట్టిగట్టుకు గుద్దుకుంది.

నాకు చిన్న గీత కూడా పడలేదు. వాడి కుడి మణికట్టు విరిగింది. ప్లేట్లు వేశారు. నాలుగు నెలలు కీబోర్డు మీద వేలు పెట్టలేకపోయాడు. హెచ్1 వీసా మీద ఉన్నవాడికి పని లేకపోతే ఏమవుతుందో ఇక్కడ చాలామందికి తెలుసు. ఇవల్యూషన్ అమ్మేశాడు, సామాను అమ్మేశాడు, 2005లో తిరుపతి వచ్చేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఏమీ అనకుండా మాట్లాడ్డం మానేశాడు. ఆరేళ్ళు.

తప్పు కారుది కాదు. అదే నేను ఈరోజు చెప్పదలచుకున్నది. ఆ కంపెనీ 227 హార్స్‌పవర్ ఇచ్చి, దానికి తగ్గ బ్రేకులు ఇచ్చింది. 300 హార్స్‌పవర్ ఇచ్చినప్పుడు ఇంకేమేమి మార్చిందో నేను ఆ తర్వాత కూర్చుని చూశాను. 2007లో కాస్త నిలదొక్కుకున్నాక ఎస్.టి.ఐ. కొన్నాను. నడపడం నేర్పే స్కూల్లో చేరి, రోడ్డు మీద కాకుండా రోడ్ అట్లాంటా రేస్ ట్రాక్ మీద తోలాను. ఆఫీసులో ఒకాయన దగ్గర ఇవల్యూషన్ తొమ్మిదో తరం ఎం.ఆర్. ఉండేది. అదే ట్రాక్ మీద బండ్లు మార్చుకుని తోలుకునేవాళ్ళం. కాబట్టి తమ్ముళ్ళూ, ఇదిగో మీరడిగిన పోలిక.

బలం దాదాపు సమానం. రెండూ 290 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. ఇంజన్ల స్వభావం వేరు. సుబారులో రెండున్నర లీటర్ల బాక్సర్ ఇంజను. పిస్టన్లు నిలబడి కాకుండా రెండు పక్కలకు పడుకుని పనిచేస్తాయి. బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. ఇవోది రెండు లీటర్ల నిలువు ఇంజను, ఇనుప బ్లాకు. 1992 నాటి వంశమే, చివరి దాకా సాన పెట్టుకుంటూ వచ్చారు. సుబారు కింది వేగంలో సులువుగా లాగుతుంది. ఇవోకు టర్బో తిరిగేదాకా కాస్త ఓపిక పట్టాలి, తిరిగాక పట్టుకోలేం.

పై మెట్టులో అసలు డబ్బు ఎక్కడ పెట్టారో చూడండి. మామూలు డబ్ల్యు.ఆర్.ఎక్స్.కు ఐదు గేర్లు, ఎస్.టి.ఐ.కి గట్టి ఆరు గేర్లు. ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు, వెనక రెండు పిస్టన్లవి. ముందు, వెనక చక్రాల మధ్య శక్తి ఎంత గట్టిగా ముడిపడి ఉండాలో డ్రైవరే చేత్తో తిప్పి పెట్టుకునే డిఫరెన్షియల్. ఎం.ఆర్.కు కూడా బ్రెంబో బ్రేకులు, ఆరు గేర్లు, బిల్‌స్టీన్ షాకబ్జర్లు, తేలికైన చక్రాలు. పైకప్పు రేకు ఇనుము కాదు, అల్యూమినియం. పైభాగం బరువు తగ్గితే మలుపులో బండి తక్కువ ఒరుగుతుంది. తారు, మట్టి, మంచు అని మూడు పద్ధతుల్లో దాని మధ్య డిఫరెన్షియల్ దానికదే సర్దుకుంటుంది. ఇక ఆర్.ఎస్. చూడండి. రేడియో లేదు, పవర్ విండోలు లేవు. చూసినవాడు ఇది కింది మెట్టు అనుకుంటాడు. ర్యాలీ తోలేవాడు వెతుక్కుని కొనేది అదే. అనవసరమైన బరువు తీసేసి, అవసరమైనవన్నీ ఉంచారు.

మొత్తం కలిపి చూస్తే తేలేది ఒక్కటే. పై మెట్టుకు మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం పరుగుకు కాదు, ఆగడానికి, తిరగడానికి. పరుగు చవక. 1,500 డాలర్లకు నేనే కొన్నాను. ఆగడమే ఖరీదు.

ఇప్పుడు ఆ రెండు కార్లూ లేవు. ఇవల్యూషన్ పదో తరంతో ఆగిపోయింది. ఎస్.టి.ఐ. కూడా 2021 మోడలుతో ఆగింది, పెట్రోలుతో ఇంకొకటి చేయబోమని 2022లో కంపెనీయే చెప్పింది. కానీ టర్బోలు మన ఊళ్ళోకి వచ్చేశాయి. పది, పదిహేను లక్షల కార్లలోనే ఉన్నాయి. వాటి కంప్యూటర్లను మార్చే షెడ్లూ వచ్చాయి. మన కుర్రవాళ్ళు మార్పించుకుని రాత్రిపూట మదనపల్లె రోడ్డులో భాకరాపేట ఘాట్ మీద తోలుతున్న వీడియోలు మన గ్రూపులోనే చూశాను. కింద చప్పట్లు కొట్టిన వాళ్ళలో మన బ్యాచ్ వాళ్ళూ ఉన్నారు. మీరు మార్పించుకోకూడదని నేను చెప్పను, చెప్పే అర్హత నాకు లేదు. అడిగేది ఒక్కటే. ఇంజనుకు ఒక రూపాయి పెట్టే ముందు బ్రేక్ ఆయిల్‌కు, ప్యాడ్లకు, టైర్లకు రెండు రూపాయలు పెట్టండి. తోలాలని ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, మూడు నాలుగు గంటల దారి. పక్క సీటులో ఎవరన్నా ఉంటే, వాళ్ళకు కూడా ఒక జీవితం ఉందని గుర్తు పెట్టుకోండి.

చివరగా ఒక మాట. 2011లో నాయన పోయారు. నేను వచ్చేసరికి రెండో రోజు. స్మశానం పనులు, చుట్టాల భోజనాలు, అమ్మకు మందులు, అన్నీ ఒకడే దగ్గరుండి చూశాడు. ఆరేళ్ళు నాతో మాట్లాడని వాడే. పెద్దకర్మ అయ్యాక, మా ఇంట్లోవాళ్ళు మొక్కు ఉందంటే, కొండకు వాడి కారులోనే తీసుకుపోయాడు. ఏం కారనుకున్నారు? తిరువళ్ళూరులో తయారైన మిత్సుబిషి సీడియా. మిత్సుబిషిని వదల్లేదు వాడు! దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి, బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టనట్టు, మెల్లగా దించాడు. వెనక నుంచి హారన్లు కొడుతున్నారు. కిందికి రావడానికి 40 నిమిషాలు పట్టాలని కొండ మీద నిబంధన పెట్టింది ఊరికే కాదు కదా. సగం దూరం వచ్చాక రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "నాయన దించినట్టే దించుతాండా, చూడు" అన్నాడు. ఆరేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఈ కథ సభలో చెప్పుకోవడానికి నిన్న వాణ్ణి అడిగాను. ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "ఇవోనే గొప్పదని మైకులో చెప్పాల" అన్నాడు. ట్రాక్ మీద, మలుపులో స్టీరింగు తిప్పిన క్షణాన, నా చేతులు చెప్పిన తీర్పు కూడా అదే. కాబట్టి పెద్దలందరి ముందు ఒప్పుకుంటున్నాను. మలుపులో ఇవోనే గొప్పది. వాన, మంచు, గుంతల రోడ్డు, పిల్లల స్కూలు బ్యాగులు ఉన్న మిగతా రోజులన్నిటికీ మాత్రం నా సుబారే. ఆ మాట షరతులో లేదు, అయినా చెప్పేశాను.

 ఇంటికి పోయేటప్పుడు మెల్లగా పోండి.